పాలిష్ అల్లాయ్ చక్రం ఫుట్‌పాత్ అంచుకు ఒరుసుకుంది: ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

తూర్పుగాలి

కారును రోడ్డు పక్కన ఆపుతుండగా ముందు చక్రం ఫుట్‌పాత్ అంచుకు ఒరుసుకుపోయింది. చక్రానికి రంగు లేదు, ముఖమంతా పాలిష్ చేసిన అల్యూమినియం. బయటి అంచు మీద జానెడు పొడవున గరుకు మచ్చ పడింది, అందులో ఒకచోట గోరు దిగేంత గాటు ఉంది. మిగతా చక్రమంతా తళతళలాడుతుంటే చూపు మాత్రం ఆ జానెడు దగ్గరికే పోతోంది.

ఎవరికో అప్పగించడం కంటే నేనే చేసుకోవాలని ఉంది. డ్రిల్లు, ఆకురాళ్లు, రకరకాల గరుకు కాగితాలు ఉన్నాయి. ఓపికకూ లోటు లేదు. గాటును ఫిల్లర్‌తో నింపాలా, అరగదీయాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జిగురుపెట్టె

అల్యూమినియం పొడి కలిపిన ఎపాక్సీ ఫిల్లర్ దొరుకుతుంది. గాటులో నింపి, గట్టిపడ్డాక సాపుచేయండి. నా చక్రాలకు అలాగే చేశాను. ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

లేత్‌మాస్టారు

జిగురుపెట్టె గారూ, మీ చక్రాలకు వెండి రంగు వేసి ఉంటుంది. రంగు కింద ఏముందో ఎవరికీ అక్కరలేదు కాబట్టి అక్కడ ఫిల్లర్ చెల్లుతుంది. పాలిష్ చక్రంలో మెరిసేది లోహమే. ఫిల్లర్‌లో పొడి ఎంత కలిపినా దాన్ని పట్టి ఉంచేది రెసిన్, దానికి మెరుగు రాదు. బూడిద రంగు మచ్చగా మిగిలిపోతుంది. పైగా లోహం కంటే మెత్తన, బఫ్ (మెరుగుపెట్టే గుడ్డ చక్రం) పెడితే ముందు అదే అరిగి, నింపిన చోటే మళ్లీ గుంట పడుతుంది.

తూర్పుగాలి గారూ, ఆకురాయి తీసే ముందు మీ చక్రం ఏ జాతిదో తేల్చండి. మెరిసే చక్రాలన్నీ ఒకటి కావు. ఉత్త లోహాన్ని పాలిష్ చేసి వదిలేసినవి ఉంటాయి. పాలిష్ చేసి పైన పారదర్శకమైన క్లియర్ కోటు వేసినవి ఉంటాయి. లేత్ మీద వజ్రపు పనిముట్టుతో ముఖం చెక్కినవి, అనొడైజ్ చేసినవి, క్రోమ్ పూసినవి కూడా దూరం నుంచి చూస్తే ఒకలాగే కనిపిస్తాయి. ఒకదానికి చేసే వైద్యం ఇంకొకదాన్ని పాడుచేస్తుంది. క్రోమ్ అయితే అసలు ముట్టుకోకండి. ఆ పూత చాలా పలుచన, గరుకు కాగితం పడగానే కింది నికెల్, రాగి పొరలు బయటపడతాయి. మళ్లీ పూత వేయించడం తప్ప దారి ఉండదు.

పరీక్ష తేలిక. మెత్తని తెల్లటి బట్టకు కొంచెం లోహపు పాలిష్ అద్ది, దెబ్బ తగలని చోట రుద్దండి. బట్ట నల్లబడితే మీ చేతికి తగులుతున్నది ఉత్త అల్యూమినియం. తెల్లగానే ఉంటే పైన ఏదో పొర ఉంది.

జిగురుపెట్టె

వెండి రంగే. రంగు చక్రాల వరకు నా మాట నిలుస్తుంది.

టైరుగుర్తు

మెరుపు సంగతి తర్వాత. నేను రోజూ టైర్లు విప్పే పనిలో ఉన్నాను, ఫుట్‌పాత్ దెబ్బల్లో అసలు ప్రమాదం కంటికి కనిపించే గీత కాదు. ముందు టైరు పక్కగోడ చూడండి. ఉబ్బు ఉంటే లోపలి దారాలు తెగినట్టే, ఆ టైరును తీసేయడమే. కోత పడి లోపలి దారాలు కనిపిస్తున్నా అంతే. తర్వాత చక్రం విప్పి లోపలి వైపు పూర్తిగా తుడిచి చూడండి. బయటి అంచు బాగానే ఉండి లోపలి అంచు వంగినవి, స్పోకు మొదట్లో వెంట్రుక పాటి పగులు వచ్చినవి చాలా చూశాను. పగులు కనిపిస్తే ఇక్కడ చెప్పే పాలిష్ పనులన్నీ ఆపేయండి.

తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి ఉంటోందా? బండి ఒక పక్కకు లాగుతోందా? కొంత వేగం దాటాక వణుకుతోందా? వీటిలో ఏది ఉన్నా ముందు అలైన్‌మెంట్, చక్రపు తిన్నదనం చూపించుకోవాలి.

తూర్పుగాలి

ఇద్దరికీ ధన్యవాదాలు. చక్రం విప్పి చూశాను. టైరుకు గీత మాత్రమే పడింది, ఉబ్బు లేదు, కోత లేదు. లోపలి వైపు శుభ్రంగా ఉంది. స్టీరింగ్ తిన్నగానే ఉంది.

బట్ట పరీక్షలో మాత్రం రెండు రకాల జవాబు వచ్చింది. గరుకు మచ్చ మీద రుద్దితే బట్ట నల్లబడింది. మిగతా చోట ఎంత రుద్దినా తెల్లగానే ఉంది.

నిగనిగ

అయితే పాలిష్ చేసి పైన క్లియర్ కోటు వేసిన చక్రం. ఫుట్‌పాత్ అంచు ఆ పూతను చీల్చి కింది లోహం దాకా పోయింది. మచ్చ చుట్టూ పూత అంచు ఏమైనా లేచిందా? తెల్లగా, పాకినట్టు గీతలు మొదలయ్యాయా? పూత ఒకచోట తెగితే దాని కింద తేమ దూరుతుంది, అల్యూమినియం తెల్లబడుతూ పూత కిందనే ముందుకు పాకుతుంది. రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల, సముద్రం దగ్గర ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇక్కడ మీరొక నిర్ణయం తీసుకోవాలి. గాటు ఉన్న జానెడు మేర పూత తీసి, అక్కడే మెరుగుపెట్టి, అక్కడే మళ్లీ పూత వేయవచ్చు. కానీ పాత పూత, కొత్త పూత కలిసే గీత తప్పకుండా కనిపిస్తుంది. రంగు మీద అయితే ఆ గీతను కలిపేయవచ్చు, అద్దం లాంటి లోహం మీద అది దాగదు. నేనైతే ముఖం మొత్తం పూత తీసేస్తాను. పని పెద్దది, ఫలితం ఒకే తీరుగా ఉంటుంది.

పూత తీయడానికి రంగు ఊడగొట్టే జెల్ స్ట్రిప్పర్ వాడండి. టైరు విప్పించగలిగితే ఉత్తమం, ఆ ద్రవం రబ్బరును పాడుచేస్తుంది. చేతులకు రసాయనాలను ఆపే తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, గాలి ఆడే చోట చేయాలి. పూత ముడతలు పడి లేచాక ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయండి. ఇనుప గీకుడు పలక పెడితే కొత్త గీతలు పడతాయి. చివర్లో డబ్బా మీద చెప్పినట్టు కడిగి పూర్తిగా ఆరనివ్వండి.

మూడుముక్కలరిమ్ము

ఒక హెచ్చరిక. నా చక్రాలు మూడు ముక్కలుగా బోల్టులతో బిగించే రకం, బయటి అంచు అనొడైజ్ చేసినది. స్ట్రిప్పర్ పూసి ఎంతసేపు ఉంచినా ఏమీ ఊడలేదు, ఊడడానికి అది పూత కాదు కదా. లోహం పైపొరనే కరెంటుతో ఆక్సైడ్‌గా మార్చినది. అది చాలా గట్టిది, మామూలు పాలిష్‌కు లొంగదు.

అనుమానం ఉన్నవారు మల్టీమీటర్‌తో చూడండి. రెండు ముళ్లనూ గీతలు పడకుండా సుతారంగా ఆనించండి. ఉత్త లోహమైతే కరెంటు పారుతుంది. అనొడైజ్ పొర ఉన్నా, క్లియర్ కోటు ఉన్నా పారదు. ఆ రెండింటిలో ఏదో స్ట్రిప్పర్ చెబుతుంది.

ఓవెన్ శుభ్రం చేసే ద్రవం పూస్తే అనొడైజ్ పొర పోతుందని చాలామంది చెబుతారు. పోతుంది. అందులో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, పొరతో ఆగకుండా కింది అల్యూమినియాన్ని కూడా తింటుంది, నల్లటి మసి వదులుతుంది. బోల్టు రంధ్రాల్లోకి, అతుకుల్లోకి పోతే కడగడం కష్టం. నేను అంచులను విడదీసి పనివాళ్ల చేతికే ఇచ్చాను.

కొత్తచేయి

నా చక్రాలకు స్పోకుల పక్కలు నల్ల రంగు, ముఖం మాత్రం వెండిలా మెరుస్తుంది. దగ్గరగా చూస్తే సన్నని గుండ్రటి గీతలు ఉన్నాయి. అంచు మీద గాటు పడింది. నేను కూడా ఇదే పద్ధతి పాటించవచ్చా?

లేత్‌మాస్టారు

పాటించకూడదు. గ్రామఫోను రికార్డులో గాడుల్లా ఆ గీతలు చక్రమంతా ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతాయి, వాటివల్లే వెలుగు అలా విరిగి మెరుస్తుంది. చేతితో అరగదీస్తే అక్కడ గీతలు పోయి గుడ్డి మచ్చ మిగులుతుంది. మళ్లీ ఆ గీతలు రావాలంటే చక్రాన్ని సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ నడిపే లేత్) మీద పెట్టాలి. ముఖం వంపును యంత్రం ముందు కొలుచుకుంటుంది, తర్వాత వజ్రపు పనిముట్టు ఆ వంపు వెంట పలుచని పొర తీస్తుంది, ఆ పైన క్లియర్ కోటు వేస్తారు. చెక్కిన ప్రతిసారీ లోహం తగ్గుతుంది కాబట్టి ఇది ఎన్నిసార్లయినా చేయించుకునే పని కాదు. గాటు లోతు ఎంత ఉంటే ముఖమంతా అంత చెక్కాలి. లోతు ఎక్కువైతే మంచి పనివాడు ముందు గాటును వెల్డింగ్‌తో నింపి, తర్వాతే చెక్కుతాడు.

తూర్పుగాలి

పూత తీసేశాను. నిగనిగ గారు చెప్పినట్టే ముడతలు పడి లేచింది, స్పోకుల మూలల్లో మాత్రం మళ్లీ పూయాల్సి వచ్చింది. ఇప్పుడు మల్టీమీటర్ ఎక్కడ ఆనించినా కరెంటు పారుతోంది. బట్ట కూడా అన్నిచోట్లా నల్లబడుతోంది. ఇక అరగదీయడం మొదలుపెట్టనా?

నిగనిగ

మొదలుపెట్టండి, కాగితంతో కాదు, ఆకురాయితో.

రాయి తగిలినప్పుడు అల్యూమినియం కొంత ఊడిపోతుంది, ఎక్కువ భాగం పక్కకు నెట్టుకుపోయి గాటు ఒడ్డున ముళ్లలా లేచి నిలబడుతుంది. వేలు పెడితే గుచ్చుకునేవి అవే. ముందు వాటిని తీస్తే గాటు మీరనుకున్నంత లోతు లేదని తెలుస్తుంది. సన్నని పళ్ల ఆకురాయి, ఒక పక్క చదును, ఇంకో పక్క అర్ధచంద్రం ఉన్నది తీసుకోండి. అల్యూమినియం మెత్తన, పళ్లలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న రజనే మళ్లీ లోతైన గీతలు పెడుతుంది. ఆకురాయికి సుద్ద పూయండి, ఇరుక్కున్నదాన్ని తీగల బ్రష్‌తో తరచుగా దులపండి. అంచు వంపు వెంట పొడవుగా తోయండి. ఒకేచోట ముందుకూ వెనక్కూ గీకితే అక్కడ చదును పడుతుంది. దాన్ని ఎంత మెరిపించినా ప్రతిబింబం విరిగి కనిపిస్తుంది.

టైరు చక్రం మీదే ఉంటే గాలి తగ్గించి, టైరుకూ రిమ్ము అంచుకూ మధ్య పాత పేకముక్కలు వరసగా దోపండి. టేపు కంటే బాగా పనిచేస్తాయి. ఆకురాయి జారినా రబ్బరుకు తగలదు.

ముళ్లు పోయాక కాగితం. చిన్న రబ్బరు దిమ్మకు చుట్టి వాడండి. వేళ్లతో నొక్కితే వేలి అచ్చులే గుంటలవుతాయి. కాగితం వెనక ఉండే నంబరు పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది. P240తో మొదలుపెట్టి P320, P400, P600, P800, P1200, P2000 వరకు వెళ్లండి. P400 నుంచి తడి మీద, నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసుకుని రుద్దండి. కాగితం మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి. ముందుది అడ్డంగా అయితే తర్వాతది ఏటవాలుగా. అలా అయితే పాత గీతలు ఏవి పోయాయో, ఏవి మిగిలాయో కంటికి తెలుస్తుంది. మిగిలి ఉన్నంతవరకు తర్వాతి కాగితం ముట్టుకోకండి.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. P240 కాగితం మీది గింజ సుమారు 58 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), P400 మీద 35, P800 మీద 22, P1200 మీద 15, P2000 మీద 10. P240 గీతను P1200తో తీయాలంటే సాయంత్రం దాకా రుద్దాలి, అప్పటికీ గీత పోదు, దాని ఒడ్డు మెరుస్తుంది. మెరిసే గీత మామూలు గీత కంటే బాగా కనిపిస్తుంది.

ఇంకొకటి. కాగితం నంబరు పెద్దదయ్యేకొద్దీ, అంటే గింజ సన్నబడేకొద్దీ, రుద్దే మేర పెంచుతూ పొండి. జానెడు దెబ్బకు చివరి కాగితం మూరెడు మేర తిరగాలి. అప్పుడే ఆ చోటు మిగతా అంచులో కలుస్తుంది.

లేత్‌మాస్టారు

నిగనిగ గారి పద్ధతి సరైనదే. ఒక్కటి చేరుస్తాను. మామూలు అల్లాయ్ చక్రాలు చాలావరకు పోతపోసినవి, సుమారు 7 శాతం సిలికాన్ ఉన్న ఏ356 రకం మిశ్రమం వాడతారు. పోత లోహంలో అక్కడక్కడా సూదిమొన పాటి గాలి రంధ్రాలు ఉంటాయి. లోతుగా అరగదీస్తే అవి నల్ల చుక్కలుగా బయటపడతాయి. ఎంత రుద్దినా పోవు, రుద్దేకొద్దీ ఇంకొన్ని రావచ్చు. చుక్కలు కనిపించగానే ఆపండి. లోహాన్ని ఒత్తిడితో నొక్కి మలిచే ఫోర్జింగ్ చక్రాల్లో ఈ బాధ ఉండదు.

తూర్పుగాలి

ముళ్లు తీశాక నిజంగానే దెబ్బ సగమైంది. గరుకు మచ్చంతా P240 కింద పోయింది. ఆ గోరు దిగే గాటు మాత్రం ఉంది, లోతు మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. దాని అడుగు దాకా అరగదీస్తే అంచు ఆకారమే మారిపోయేలా ఉంది. వెల్డింగ్ చేయించనా?

వెల్డర్‌బాబాయ్

చేయించవచ్చు, బయటి అంచు పెదవి మీద, అలంకారం కోసం మాత్రమే. టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ ముల్లుతో, జడవాయువు కాపుతో చేసేది), ఏసీ కరెంటు మీద. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మిశ్రమాలైతే ఇంకా ముందే. దాని మీది ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఏసీలో ఒక సగం ఆ పొరను పగలగొడుతుంది, ఇంకో సగం కింది లోహాన్ని కరిగిస్తుంది. ఈ మిశ్రమానికి 4043 రకం కడ్డీ నప్పుతుంది, అందులో సుమారు 5 శాతం సిలికాన్ ఉంటుంది. గాటు పూర్తిగా శుభ్రంగా ఉండాలి. మీరు వాడిన పాలిష్, సబ్బు, మైనం ఏది మిగిలినా వెల్డింగులో బుడగలు వస్తాయి. చేయించేటట్టయితే టైరు విప్పించాలి, ఇందులో బేరం లేదు. టైరు ఉండగా రిమ్ముకు వేడి పెడితే, గాలి తీసేసినా సరే, లోపల రబ్బరు నుంచి పుట్టే వాయువులు పేలవచ్చు.

లేత్‌మాస్టారు

నా సలహా: వద్దు. ఈ చక్రాలకు బలం ఇచ్చేది వేడిచికిత్స. సుమారు 540 డిగ్రీల దగ్గర ఉంచి, చటుక్కున చల్లార్చి, మళ్లీ 150 నుంచి 180 డిగ్రీల మధ్య గంటల తరబడి వేడిలో ఉంచుతారు. టీ6 అనేది దాన్నే. వెల్డింగ్ మంట తగిలిన చోట ఆ చికిత్స చెడి లోహం మెత్తబడుతుంది. ఉక్కులా ఎర్రబడి ముందుగా చెప్పే గుణం అల్యూమినియానికి లేదు. వేడి ఎంతదూరం పాకిందో చూసేవాడికి తెలియదు. ఒక గాటు అందం కోసం అంచును మెత్తబరచుకోవడం నాకు నచ్చదు.

వెల్డర్‌బాబాయ్

మాస్టారూ, పెదవి చివర గోరంత చోటు అది. టైరు కూర్చునే చోటికీ, స్పోకుకీ, మధ్య బొడ్డుకీ టార్చి తగలకూడదని నేనూ అంటాను. పగులును వెల్డింగ్‌తో అతికించమని వచ్చేవాళ్లను వెనక్కి పంపేస్తాను. కానీ అంచు చివర చిన్న గాటు నింపితే చక్రం విరిగిపోతుందని భయపెట్టకండి.

లేత్‌మాస్టారు

విరిగిపోతుందని అనలేదు. అక్కరలేదని అన్నాను. ఇంకో సంగతి మీరు చెప్పలేదు, నేను చెబుతాను. నింపిన లోహం, పోత లోహం ఒకే మిశ్రమం కావు. రంగు కింద తేడా తెలియదు, పాలిష్ మీద వెలుగు ఒక కోణంలో పడితే నింపిన చోటు నీడలా కనిపిస్తుంది.

వెల్డర్‌బాబాయ్

అది మాత్రం నిజం.

నిగనిగ

మధ్యేమార్గం ఉంది. గాటు ఒడ్డులను అర్ధచంద్రపు ఆకురాయితో పల్లంగా, పొడవుగా వాలేలా చేయండి. అడుగు దాకా పోవద్దు. పదునైన ఒడ్డు ఉన్న గాటు నీడ పట్టి కనిపిస్తుంది. ఒడ్డు వాలు చేసి లోపల కూడా మెరిపిస్తే చిన్న పల్లంగా మిగులుతుంది. చక్రం దగ్గర కూర్చుని వెతికితే తప్ప తెలియదు.

తూర్పుగాలి

అదే చేస్తాను. బఫింగ్‌కు డ్రిల్లు చాలా, ప్రత్యేక యంత్రం కావాలా?

నిగనిగ

ఒక్క అంచుకు డ్రిల్లు చాలు. గట్టి సైసల్ పీచు బఫ్‌తో ట్రిపోలీ అనే గోధుమ రంగు సబ్బు (మెరుగుపెట్టే మైనపు కడ్డీ), తర్వాత కుట్టు వేసిన నూలు బఫ్‌తో తెల్లది. ఒక బఫ్‌కు ఒకే సబ్బు, కలపకండి. సబ్బు కొంచెంగా పెట్టాలి. నల్లటి జిడ్డు గీతలు వస్తున్నాయంటే ఎక్కువైందని, లేదా గట్టిగా నొక్కుతున్నారని అర్థం. చివరికి చేత్తో లోహపు పాలిష్, ఆటోసోల్ గానీ మదర్స్ గానీ ఏదైనా. మిగిలే నల్లటి మసి మీద టాల్కం పొడి చల్లి శుభ్రమైన బట్టతో తుడిస్తే జిడ్డు పీల్చుకుని వచ్చేస్తుంది.

వెల్డర్‌బాబాయ్

డ్రిల్లు తిప్పేటప్పుడు బఫ్ ఎప్పుడూ అంచు మీద నుంచి బయటికి పోయే దిశలో తిరగాలి. అంచుకు ఎదురు తిరిగితే పట్టుకుని డ్రిల్లును మీ మీదికి విసురుతుంది. స్పోకుల మధ్య ఇంకా జాగ్రత్త. వదులుగా ఉండే నూలు చేతి తొడుగులు వేసుకోవద్దు, బఫ్‌కు చుట్టుకుంటే తొడుగుతోపాటు వేళ్లూ పోతాయి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు.

ఆ సన్నటి అల్యూమినియం రజను కుప్పగా వదిలేయకండి. మండే గుణం ఉన్నది. ఇనుము గ్రైండింగ్ చేసే బల్ల మీద అసలే వద్దు. తుప్పు పొడి, అల్యూమినియం రజను కలిసిన చోట నిప్పురవ్వ పడితే నీళ్లకు ఆరని మంట వస్తుంది.

తూర్పుగాలి

P1200 దగ్గర పాత గీతలు మళ్లీ కనిపించాయి, P400కు వెనక్కి వెళ్లి వచ్చాను. ఇప్పుడు బఫింగ్ అయింది. అంచులో నా మొహం కనిపిస్తోంది. గాటు ఉన్న చోట చిన్న పల్లం ఉంది, ఎక్కడుందో తెలిసిన నేను కూడా వెతుక్కోవలసి వస్తోంది. ముఖం మిగతా భాగానికి చివరి పాలిష్ ఒక్కటే పట్టించాను.

ఇప్పుడు మళ్లీ క్లియర్ కోటు వేయాలా, ఇలాగే వదిలేయాలా?

నిగనిగ

వదిలేయండి. ఏ పూతకైనా పట్టు కావాలి, P2000 దాటి మెరిపించిన లోహం మీద దానికి పట్టు దొరకదు. పట్టు కోసం గరుకు చేస్తే మెరుపు పోతుంది. ఇంట్లో డబ్బాతో పిచికారీ చేసిన పూత మొదటి రాయి దెబ్బకు పెచ్చు లేస్తుంది, మళ్లీ కింద తెల్లటి పాకుడు. ఉత్త లోహమైతే మసకబారుతుంది, నిజమే. అప్పుడు మళ్లీ పాలిష్ పట్టిస్తే సరి. పైన మైనం గానీ సీలెంట్ గానీ పూస్తే కొంతకాలం ఆగుతుంది.

టైరుగుర్తు

మీకు చేత్తో రుద్దడం ఇష్టం కాబట్టి అలా అంటారు. ఉప్పు పడే రోడ్ల మీద రోజూ తిరిగే బండికి ఉత్త లోహం అంటే వారం వారం పని. అలాంటివాళ్లకు పాలిష్ మీద వేయడానికే తయారుచేసిన క్లియర్ పౌడర్ కోటు మేలు, తెలిసినవాళ్ల చేత వేయించుకుంటే చాలాకాలం నిలుస్తుంది.

లేత్‌మాస్టారు

పౌడర్ కోటును కాల్చే వేడి ఎంతో అడిగి మరీ ఇవ్వండి. సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీలు. నేను పైన చెప్పిన రెండో చికిత్స వేడి కంటే అది ఎక్కువ. తక్కువసేపు ఒకసారి అయితే సరే, రంగు నచ్చలేదని మళ్లీ మళ్లీ కాల్చకూడదు.

నిగనిగ

ఉత్త లోహంగా ఉంచేటట్టయితే కడిగే ద్రవం మార్చాలి. ఆమ్లం ఉన్న చక్రపు క్లీనర్లు, ఘాటైన క్షారపు క్లీనర్లు రెండూ పాలిష్ అల్యూమినియాన్ని తెల్లగా మరకపెడతాయి. కారు షాంపూ, మెత్తని బ్రష్, కడిగిన వెంటనే ఆరబెట్టడం. చక్రం, బ్రేకులు వేడిగా ఉన్నప్పుడు కడగకండి.

జిగురుపెట్టె

రంగు చక్రాలకు ఈ బాధలేవీ లేవు.

టైరుగుర్తు

చక్రం బిగించేటప్పుడు నట్లను నక్షత్రం వరసలో బిగించి, చివరికి కారు పుస్తకంలో ఉన్న కొలతకే టార్క్ పానాతో (బిగువు కొలిచే పానా) చూడండి. హబ్బు మీద ఆనే చోట స్ట్రిప్పర్, సబ్బు, పాలిష్ ఏదీ మిగలకూడదు. 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి. మీరు తీసింది కొద్ది గ్రాముల లోహమే, అయినా టైరు విప్పించి ఉంటే బ్యాలెన్స్ చేయించక తప్పదు. అన్నట్టు తర్వాతి టైర్లు కొనేటప్పుడు రిమ్ముకు కాపుగా పక్కగోడ మీద రబ్బరు గట్టు ఉన్నవి అడగండి. కాంటినెంటల్ వాళ్లు దానికి ఎఫ్‌ఆర్ అనీ, డన్లప్ వాళ్లు ఎంఎఫ్‌ఎస్ అనీ గుర్తు వేస్తారు. చిన్న ఒరుపులను అదే తీసుకుంటుంది.

కొత్తచేయి

వెనక్కి తీసేటప్పుడు పక్క అద్దం దానంతట అదే కిందికి వంగే సదుపాయం నా కారులో ఉందని ఈ చర్చ చదువుతూ పుస్తకం తిరగేస్తే తెలిసింది. ఇన్నాళ్లూ ఆపేసి ఉంది. మీరూ చూసుకోండి.

తూర్పుగాలి

చక్రం బిగించాను, నట్లు కొలత ప్రకారమే. ఉత్త లోహంగానే వదిలేశాను, సీలెంట్ పూశాను. కొత్త సమస్య ఒకటి వచ్చింది. పూత లేని ఈ చక్రం మిగతా మూడింటి కంటే తెల్లగా, చురుగ్గా మెరుస్తోంది. పాత పూత కింద అవి కొంచెం పసుపు తిరిగాయని ఇప్పుడే తెలుస్తోంది. మూడింటికీ పూత తీయాలా?

నిగనిగ

అదే పక్కన ఉన్న వెనక చక్రం చేస్తే ప్రస్తుతానికి చాలు. కారు రెండు పక్కలూ ఒకేసారి ఎవరికీ కనిపించవు. దానికి గాటు లేదు కాబట్టి ఆకురాయి, ముతక కాగితాలు అక్కరలేదు. స్ట్రిప్పర్ తర్వాత నేరుగా P1200 తడి కాగితం, P2000, బఫ్.

తూర్పుగాలి

స్ట్రిప్పర్ డబ్బాలో సగం మిగిలి ఉంది. వెనక చక్రం విప్పుతున్నాను.